కథ ఆపిన చోటు

2019లో జనవరి 9కీ మార్చి 29కీ మధ్య, మూడు నెలలు తిరక్కుండానే, ఎన్.టి.రామారావు మీద మూడు సినిమాలు విడుదలయ్యాయి. మొదటి రెండూ క్రిష్ తీసిన ‘యన్.టి.ఆర్ కథానాయకుడు’, ‘యన్.టి.ఆర్ మహానాయకుడు’. వాటికి సంగీతం కీరవాణి. మూడోది రాంగోపాల్ వర్మ, అగస్త్య మంజుతో కలిసి తీసిన ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’. దానికి సంగీతం కల్యాణి మాలిక్. ఈయన కీరవాణికి స్వయానా తమ్ముడు. ‘కథానాయకుడు’లో ఎన్టీఆర్‌ను కీర్తిస్తూ నిండా సంస్కృత సమాసాలతో సాగే పాటకు సాహిత్యం అందించినవారిలో వాళ్ల నాన్నగారు శివశక్తి దత్తా ఉన్నారు. చంద్రబాబునాయుడు మామగారి పదవిని నిలబెట్టిన మనిషిగా కనిపించే సినిమాకూ, మామగారి పదవిని లాక్కున్న మనిషిగా కనిపించే సినిమాకూ స్వరాలు ఒకే ఇంటి నుంచి వెళ్లాయి.

ఈ సంగతి గమనించినప్పుడు నాకు ఫిల్మ్‌నగర్ మీద గౌరవం పెరిగింది. బాణీ కట్టే మనిషికి పాత్ర దుఃఖం ముఖ్యం, పాత్ర కోపం ముఖ్యం. ఆ దుఃఖం ఏ పార్టీకి అక్కరకొస్తుందన్నది నిర్మాత చూసుకుంటాడు. మేకప్ గదిలో ముడతలు దిద్దే చెయ్యి, డబ్బింగ్ థియేటర్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పే చెవి, ఎడిటింగ్ రూములో షాట్‌ని ఎక్కడ తెంచాలో తేల్చే కన్ను, ఇవన్నీ ఏ పక్షం వాళ్లు పిలిచినా అదే శ్రద్ధతో పనిచేస్తాయి. అందుకే నాయకుల మీద తీసిన సినిమాలో మొగ్గు ఎటుందో తెలియాలంటే డైలాగుల దగ్గర ఆగిపోతే చాలదు. పనితనాన్నే దగ్గరికెళ్లి చూడాలి. అప్పుడు ఎంత బాగా చేశారో తెలుస్తుంది, ఎవరి కోసం చేశారో కూడా తెలుస్తుంది.

ఫిల్మ్‌నగర్ నేల సంగతి కూడా చెప్పుకోవాలి. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ ఛాంబర్, కృష్ణగారి పద్మాలయా, అన్నీ ఈ చుట్టుపక్కలే. చంద్రబాబు ఇల్లు జూబ్లీహిల్స్‌లో. జగన్మోహన్‌రెడ్డి ఏళ్ల తరబడి ఉన్న లోటస్‌పాండ్ ఇల్లు అక్కడికి ఎంతో దూరం కాదు. ఎన్టీఆర్ భార్య బసవతారకం పేరు పెట్టుకున్న క్యాన్సర్ ఆసుపత్రి పక్కనే బంజారాహిల్స్‌లో ఉంది. సినిమా తీసేవాళ్లూ, సినిమాలో పాత్రలైనవాళ్లూ ఒకే గుట్టల మీద కాపురాలున్నవాళ్లు. బంధుత్వాలు ఇంకా దగ్గర. ‘కథానాయకుడు’, ‘మహానాయకుడు’ల నిర్మాతల్లో ముఖ్యుడు బాలకృష్ణ. తండ్రి వేషం వేసింది ఆయనే. అప్పటికి హిందూపురం ఎమ్మెల్యే. చంద్రబాబుకు ఒకవైపు బావమరిది, ఇంకోవైపు వియ్యంకుడు. చంద్రబాబు వేషం వేసిన రానా తాతగారు రామానాయుడు తెలుగుదేశం తరఫున బాపట్ల ఎంపీగా చేసినవారు. హరికృష్ణ వేషంలో ఆయన కొడుకు కల్యాణ్‌రామ్. నాగేశ్వరరావు వేషంలో ఆయన మనవడు సుమంత్. తెర మీద కనిపించేవాళ్లలో సగంమంది తమ ఇంటి పెద్దల్ని తామే తలచుకుంటున్నారు. అలాంటిచోట తటస్థత అడగడం అన్యాయం. అడగాల్సింది, ఆ ప్రేమను కథగా ఎలా మలిచారని.

క్రిష్ మలిచిన తీరులో అన్నిటికంటే తెలివైన నిర్ణయం బసవతారకం. మొదటి సినిమా ఆమెతో మొదలవుతుంది. 1984, మద్రాసు ఆసుపత్రి, క్యాన్సర్ చికిత్స, చేతిలో భర్త ఫొటోల ఆల్బమ్. ఆమె పేజీ తిప్పుతుంటే కథ వెనక్కి వెళుతుంది. మంగళగిరి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో లంచాలు చూడలేక ఉద్యోగం వదిలేసిన కుర్రాడు, మద్రాసు రైలు, ‘మనదేశం’, కె.వి.రెడ్డి, విజయా వారు, ‘మాయాబజార్’ కృష్ణుడు, 1977 దివిసీమ ఉప్పెనప్పుడు జోలె పట్టిన నటుడు, చివరికి 1982 మార్చి 29న పార్టీ ప్రకటన. (కె.వి.రెడ్డి వేషం క్రిష్ తానే వేసుకున్నాడు. తన గురుపరంపరకు ఒక దర్శకుడు పెట్టుకున్న నమస్కారంలా ఉంటుందది.) ఇదంతా ఎవరి కథనం అని ప్రశ్నిస్తే సమాధానం సిద్ధంగా ఉంది: ఒక భార్య జ్ఞాపకం.

ఆల్బమ్ అనే వస్తువుకు ఒక ధర్మం ఉంది. అందులో దాచుకోదలచినవే ఉంటాయి. ఏ ఇల్లాలూ భర్త మీద వచ్చిన విమర్శల కత్తిరింపులు ఆల్బమ్‌లో అంటించుకోదు. అందువల్ల సినిమాలో ఎన్టీఆర్ పొరపాట్లు తక్కువగా ఉన్నాయని నిలదీయబోతే ఆ ప్రశ్న దర్శకుడి దగ్గరికి వెళ్లే లోపల ఆమె దగ్గర ఆగిపోతుంది. జబ్బు మంచం మీద ఉన్న ఆ తల్లిని నిలదీయడానికి ప్రేక్షకుడికి మనసొప్పదు. అభిమానాన్ని ఒక పాత్రకు సహజమైన చూపుగా మార్చేసిన పని ఇది. తెలుగులో నాయకుల మీద వచ్చిన సినిమాల్లో ఇంత నేర్పుగా చేసిన ఎత్తుగడ నేను వేరే చూడలేదు.

ఆ ఎత్తుగడ నిలబడింది విద్యా బాలన్ వల్ల. ఆమెకు ఇది మొదటి తెలుగు సినిమా. బసవతారకం గురించి బయటి ప్రపంచానికి తెలిసింది తక్కువ. సభల్లో మాట్లాడిన మనిషి కాదు. అనుకరించడానికి రికార్డు లేని పాత్ర అది. ఆ ఖాళీని విద్యా బాలన్ చూపులతో, చిన్న నవ్వులతో, మొగుడిని ఇంట్లో మామూలు మనిషిగా చూసే చనువుతో నింపింది. బయట లక్షలమంది దేవుడనుకునే మనిషి ఆమె ముందుకొచ్చేసరికి నేలకు దిగుతాడు. ఆ సన్నివేశాల్లో బాలకృష్ణ కూడా గొంతు తగ్గిస్తాడు. ‘కథానాయకుడు’లో ఇరవైల్లోని కుర్రాడిగా ఆయన వయసు దాగలేదు, ఎంత మేకప్ వేసినా తెలిసిపోయింది. అరవైకి దగ్గరైన ఎన్టీఆర్, కాషాయం కట్టిన ఎన్టీఆర్ దగ్గరికొచ్చాక ఆ ఇబ్బంది పోయింది. భార్య పక్కన కూర్చున్నప్పుడైతే నటిస్తున్నాడన్న సంగతే గుర్తుకు రాదు. తన తల్లిదండ్రుల కబుర్లను తాను చేసి చూపిస్తున్న కొడుకు అతను. ఏ నటశిక్షణా అందించలేని బరువు అది.

‘మహానాయకుడు’కి కేంద్రం 1984 ఆగస్టు సంక్షోభం. జరిగింది ఇదీ: గుండె ఆపరేషన్‌కు అమెరికా వెళ్లిన ఎన్టీఆర్ తిరిగొచ్చిన రెండు రోజులకు, ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించి, ఆయన పార్టీవాడే అయిన నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించాడు. ఎమ్మెల్యేలు చేజారకుండా రామకృష్ణా స్టూడియోకి, ఆ తర్వాత కర్ణాటకకు తరలివెళ్లారు. చక్రాల కుర్చీలో ఉన్న ఎన్టీఆర్ ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు తన బలం చూపించారు. రామ్‌లాల్ పోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. 31 రోజులకు, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా పక్షం రోజులకు, అక్టోబరు 1న, బసవతారకం కన్నుమూశారు.

సంక్షోభాన్ని తెరకెక్కించేటప్పుడు దర్శకుడి ముందుండే మొదటి చిక్కు ఏమిటంటే, సంక్షోభాలు గదుల్లో జరుగుతాయి. సంతకాలు, లెక్కలు, ఫోన్లు, ఎవరు ఎటున్నారన్న జాబితాలు. వీటిలో ఉత్కంఠ ఉంటుంది గానీ కన్నీరుండదు. క్రిష్ ఆ కన్నీటిని ఇంట్లోంచి తెచ్చాడు. ఒకవైపు ప్రభుత్వం ప్రాణం పోతూ వస్తూ ఉంటుంది, మరోవైపు భార్య ప్రాణం. రెండు కథలూ ఒకదాన్నొకటి నెడుతూ నడుస్తాయి. ప్రజాస్వామ్యం గెలిచిందన్న ఊరటలోనే ఆ ఇంట్లో దీపం ఆరిపోతుంది. చరిత్రలో ఆ రెండు తేదీలు అంత దగ్గరగా పడ్డాయి. దాని విలువ గుర్తించి కథను దాని చుట్టూ అల్లడం దర్శకుడి ప్రతిభ.

అలా అల్లడం వల్ల కథ అక్కడ ఆగిపోయే హక్కు కూడా సంపాదించుకుంది. కథ చెబుతున్న ఆమె వెళ్లిపోయింది, ఇక కథ లేదు. 1989 ఓటమి లేదు, ఎన్టీఆర్ రెండో భార్య లక్ష్మీపార్వతి లేదు, చంద్రబాబు మామగారిని దించిన 1995 ఆగస్టు లేదు. చంద్రబాబును ఎన్టీఆర్‌కు కుడిభుజంగా చూపించి, ఆ చూపును చెరిపేసే సంఘటన రాకముందే, భార్య మరణమనే అత్యంత గౌరవనీయమైన కారణంతో తెర దించారు. ఎవరూ తప్పుపట్టలేని చోట ఆపారు. ఈ సినిమా మొగ్గంతా ఆ ఆపడంలోనే ఉందని నా నమ్మకం. అందులోని కళ కూడా అక్కడే ఉంది. రెండింటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

రానా చంద్రబాబును చేసిన తీరు కూడా శ్రద్ధగా చూడవలసిందే. గొంతు మార్చలేదు, వేళ్లు చూపించే అలవాటును అతిగా వాడలేదు. తక్కువ మాట్లాడి ఎక్కువ లెక్కలు వేసే యువకుడిగా నిలబెట్టాడు. ఇక్కడ కత్తెర ఇంకో పని చేసింది. ఆ నెల రోజుల్లో చేతులు కలిపినవాళ్లు చాలామంది. ఎమ్మెల్యేలకు నీడ ఇచ్చింది రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం. దేశం నలుమూలల నుంచి ప్రతిపక్ష నాయకులు వచ్చి నిలబడ్డారు. పత్రికలు రోజూ రాశాయి. జనం వీధుల్లోకొచ్చారు. తెర మీద ఆ శ్రమలో పెద్ద వాటా ఒక్క రానా ముఖంలోకి వచ్చి చేరుతుంది. రెండు గంటల సినిమాలో పదిమంది పనిని ఒక్కరికి కట్టబెట్టడం కథకులందరూ చేసేదే. ఆ ఒక్కరు ఎవరన్నది మాత్రం ఎన్నికల ముందు ఫిబ్రవరిలో చిన్న నిర్ణయం కాదు.

నాదెండ్ల భాస్కరరావు వేషానికి సచిన్ ఖేడేకర్‌ను తీసుకున్నారు. శ్యామ్ బెనెగల్ సినిమాలో సుభాష్ చంద్రబోస్ వేషం వేసిన మరాఠీ నటుడాయన. అరుపులు లేకుండా, నవ్వుతూ, కుర్చీకి అంగుళం అంగుళం దగ్గరికి జరిగే మనిషిగా చేశాడు. నటుడిగా ఆయన పనికి వంక పెట్టలేను. పాత్రకే ఒక లోటుంది. నాదెండ్లకు ఆశ ఇచ్చారు గానీ, అలక ఇవ్వలేదు. పార్టీ పుట్టుకలో తన వాటా గురించి ఆయన ఏళ్లుగా వేరే కథ చెబుతూ వచ్చారు. ఆ కథ నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా, దాన్ని ఆయన నమ్మాడన్నంత వరకు ఒక్క సన్నివేశం రాసి ఉంటే ప్రతినాయకుడు బలపడేవాడు, ఎన్టీఆర్ గెలుపు ఇంకా ఎత్తుకు వెళ్లేది. ఈ సినిమాకు మాటలు రాసిన బుర్రా సాయిమాధవ్ తెనాలి నాటకాల నుంచి వచ్చిన రచయిత. ఎదుటి పాత్రకు కూడా చప్పట్లు పడే మాట రాయడం రంగస్థలం నేర్పే మొదటి పాఠం. ఆ పెన్ను ఇక్కడ ఆ అవకాశాన్ని వదులుకోవడం నాకు బాధనిపించింది.

ఇక ‘యాత్ర’. 2019 ఫిబ్రవరి 8న, రెండు ఎన్టీఆర్ సినిమాల మధ్యలో వచ్చింది. ‘పాఠశాల’, ‘ఆనందో బ్రహ్మ’ తీసిన మహి వి.రాఘవ్ దర్శకుడు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో మొదలుపెట్టి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,500 కిలోమీటర్లు నడిచిన పాదయాత్ర దీని కథ. జీవితమంతా చెప్పాలన్న ఆశ పెట్టుకోకుండా రెండు నెలల నడకను మాత్రమే తీసుకోవడం మొదటి మంచి నిర్ణయం. నడక కాబట్టి కథకు దారి ఉంది, ఎండ ఉంది, అలసట ఉంది, ఎదురొచ్చే మనుషులున్నారు. సినిమాకు అంతకంటే ఏం కావాలి? ఆ మనిషి మిగతా రాజకీయ జీవితంలోని వివాదాలేవీ ఆ దారిలో అడ్డురావు. ‘మహానాయకుడు’ ముగింపుతో చేసిన పనిని ‘యాత్ర’ ప్రారంభంతో చేసింది.

మమ్ముట్టి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ‘స్వాతికిరణం’లో అనంతరామశర్మగా మనకు గుర్తుండిపోయిన నటుడు. అంబేడ్కర్ వేషం వేసి జాతీయ అవార్డు అందుకున్న నటుడు. రాజశేఖరరెడ్డి చెయ్యి ఊపే తీరు, నవ్వు, అక్కయ్యా చెల్లెమ్మా అనే పిలుపు తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. మిమిక్రీ కళాకారులు వాటిని వేలసార్లు చేసి చూపించారు. మమ్ముట్టి వాటి వెంట పడలేదు. పోలికను వదిలేసి నిలకడను పట్టుకున్నాడు. డబ్బింగ్ తానే చెప్పాడు. ఆ తెలుగులో మలయాళపు ఛాయ వినిపిస్తూనే ఉంటుంది. అయినా అది అడ్డురాలేదు, ఎందుకంటే ఆయన ఈ సినిమాలో చేసే ముఖ్యమైన పని మాట్లాడటం కాదు, వినడం.

ఎదుటివాళ్లు కష్టం చెబుతుంటే ఆయన వింటాడు. మధ్యలో ఓదార్చడు, వెంటనే హామీ ఇవ్వడు. కళ్లు కొద్దిగా కిందికి దిగుతాయి, దవడ బిగుస్తుంది, నిశ్శబ్దం కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని అంతసేపు ఉండనిచ్చిన ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్. (ఎన్టీఆర్‌కు ‘మనదేశం’లో తొలి వేషం ఇచ్చిన ఎల్.వి.ప్రసాద్ ఈయనకు పెదనాన్న. ఫిల్మ్‌నగర్ దారాలన్నీ ఎక్కడో ఒకచోట ముడిపడతాయి.) మనవాళ్ల నాయక చిత్రాల్లో నాయకుడు మాట్లాడితే జనం వింటారు. ఇక్కడ జనం మాట్లాడితే నాయకుడు వింటాడు. చిన్న తారుమారు. సినిమాలోని గొప్పతనమంతా ఆ తారుమారులోంచి వచ్చింది. అప్పుడప్పుడే పరిచయమైన ఒక రైతు, ఒక తల్లి, ఒక విద్యార్థి రెండేసి నిమిషాల్లో మనకు బంధువులైపోతారు.

ఆ రెండేసి నిమిషాలు ఏం చేస్తున్నాయో కూడా చూడాలి. ఉచిత విద్యుత్తు మీద 2004 మే 14న లాల్‌బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకం, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఇవి ప్రేక్షకుడికి ముందే తెలిసిన ఫలితాలు. సినిమా వెనక్కి వెళ్లి వాటి విత్తనాలను దారిపొడవునా నాటుతుంది. ప్రతి కన్నీటి బొట్టుకూ ఒక పథకం జవాబుగా తర్వాత వస్తుందని మనకు తెలుసు కాబట్టి, తెర మీద హామీ ఇవ్వకపోయినా మన మనసులో అది నెరవేరిపోతుంది. మేనిఫెస్టో కమిటీలు, అధికారులు, లెక్కలు, వ్యతిరేకించినవాళ్లు, ఎవరూ కనిపించరు. పాలన అనే బహుమంది పని ఒక మనిషి జాలిగా మారిపోతుంది. నేను కంటతడి పెట్టిన చోట్లు అవే. మొగ్గు అంతగా పనిచేసిన చోట్లు కూడా అవే.

ఇంగ్లిష్‌లో 2017లో వచ్చిన ‘డార్కెస్ట్ అవర్’ సరిగ్గా ఈ పనే చేసింది. 1940 మేలో హిట్లర్‌తో రాజీపడాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్న చర్చిల్ లండన్ భూగర్భ రైలెక్కి మామూలు జనాన్ని అడుగుతాడు, వాళ్లు పోరాడమంటారు. ఆ రైలు ప్రయాణం కల్పితం. అయినా దర్శకుడు జో రైట్ ఆ సన్నివేశాన్ని నిండుగా తీశాడు, గ్యారీ ఓల్డ్‌మన్ ఆ పాత్రతోనే ఆస్కార్ అందుకున్నాడు. క్యాబినెట్ గదిలో జరిగిన వాదనల కంటే జనం నోట వచ్చిన తీర్పు నాయకుడికి ఎక్కువ బలం ఇస్తుందని ఆ సినిమాకూ తెలుసు, మన ‘యాత్ర’కూ తెలుసు. తేడా ఒక్కటే ఉంది, అది మన సినిమాకే మేలు చేసేది. చర్చిల్ రైలెక్కలేదు. రాజశేఖరరెడ్డి నడిచాడు. ఆ ఎండలో రాజమండ్రి దగ్గర జబ్బుపడి మళ్లీ లేచి నడిచాడు. నిజంగా జరిగిన నడక కింద ఉంది కాబట్టి పైన కట్టిన సన్నివేశాలు కూలలేదు.

‘యాత్ర’లో ఇంకో సున్నితమైన పని జరిగింది, దాన్ని చాలామంది గమనించలేదనుకుంటాను. రాజశేఖరరెడ్డి చివరి శ్వాస దాకా కాంగ్రెస్ మనిషి. 2019లో ఆయన కొడుకు జగన్మోహన్‌రెడ్డి పార్టీ కాంగ్రెస్‌కు బద్ధ విరోధి. తండ్రి కాంగ్రెస్ యాత్రను కొడుకు అభిమానులు తమ కథగా చూసుకోవడం ఎలా? మహి రాఘవ్ దీనికి ఇచ్చిన జవాబు హైకమాండ్. తెర మీద నాయకుడికి అడుగడుగునా అడ్డుపడేది ఎదుటి పార్టీ కంటే ఎక్కువగా సొంత పార్టీ ఢిల్లీ పెద్దలు. ఆయన వాళ్ల మాట కాదని ఇచ్చిన మాటకు కట్టుబడతాడు. అలా తండ్రి కథలోనే కొడుకు తిరుగుబాటుకు పునాది పడింది. కథ 2003లో ఉంది, మనసు 2019లో ఉంది. కథకుడిగా ఆ కుట్టు కనిపించనివ్వకుండా కుట్టాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. ఐదేళ్ల తర్వాత అదే ఫిబ్రవరి 8న, మళ్లీ ఎన్నికల ముందు, ‘యాత్ర 2’ వచ్చినప్పుడు ఆ కుట్లు పైకి తేలాయి. కొడుకు వేషం వేసిన జీవా మంచి నటుడే, కానీ ఆ సినిమాలో వినడం తగ్గి చెప్పడం పెరిగింది.

సంగీతం ఎటు మొగ్గిందో వింటే తెలుస్తుంది. ‘కథానాయకుడు’ పాట సంస్కృతంలో లేస్తుంది. దేవుడి వేషాలతో దేవుడైన నటుడికి ఆ సమాసాలు కిరీటంలా అమరాయి. ‘యాత్ర’ ముగింపులో పెంచల్‌దాస్ రాయలసీమ యాసలో చనిపోయిన నాయకుణ్ని పిలుస్తూ ఏడుస్తాడు. తెర మీద మమ్ముట్టి వెళ్లిపోయి, 2009 సెప్టెంబరులో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన అసలు మనిషి వీడియో దృశ్యాలు వస్తాయి. ఒకరిని పైకెత్తి చూపించారు, ఇంకొకరిని మన ఊరివాడిని చేశారు. అంతవరకు నటుడి ముఖంతో నడిచిన కథ చివరి నిమిషాల్లో నిజం ముఖం తెచ్చుకోవడం ఎంత బలమైన ఎత్తుగడో ఆ హాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు. అంతవరకు చూసినదంతా ఆ నిజం ముఖం సంతకం పెట్టినట్టయింది.

పోలిక విషయానికొస్తే, ఎన్టీఆర్ పోలికను తెలుగు తెర చాలా ముందే ఆయుధంగా వాడింది. 1987లో ప్రభాకరరెడ్డి తీసిన ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు వేసిన వేషం చూసినవాళ్లు మరిచిపోరు. పేరులోనే ఎన్టీఆర్ తెచ్చిన మండల వ్యవస్థ మీద విసురుంది. కృష్ణ కాంగ్రెస్ వైపు నిలబడ్డ కాలమది, ‘సాహసమే నా ఊపిరి’ లాంటి సినిమాలు వచ్చిన కాలం, 1989లో ఆయన ఏలూరు ఎంపీ అయ్యారు. పేర్లు పెట్టకుండా, ఎవరిని అంటున్నారో అందరికీ తెలిసేలా అనడం అప్పటి పద్ధతి. కోట ఆ గొంతు విరుపును, ఆ నడకను పట్టిన తీరు నాటకరంగం నుంచి వచ్చిన నటుడికే చేతనవుతుంది. ఆ వేషం వేసినందుకు విజయవాడలో అభిమానులు తన మీద దాడి చేశారని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. వేషం ఎంత బాగా కుదిరిందో ఆ దెబ్బలే చెబుతాయి. అలాంటి పనికి అలాంటి కూలి దక్కడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ముప్పై ఏళ్ల తర్వాత వర్మ పేర్లు దాచలేదు. ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’లో ఎన్టీఆర్ ఎన్టీఆరే, చంద్రబాబు చంద్రబాబే. ఒక పాటకు పేరే ‘వెన్నుపోటు’. కానీ ఆ సినిమాలో నాకు నచ్చింది ఆ పాట కాదు, పి.విజయ్‌కుమార్. ఈయన కూడా నాటకాల నుంచి వచ్చినవాడే. 1989లో అధికారం పోయి ఒంటరిగా మిగిలిన పెద్దాయన, జీవితచరిత్ర రాస్తానంటూ వచ్చిన లక్ష్మీపార్వతి ముందు మెల్లగా మాటలు విప్పుకోవడం, ఆ గొంతులో ఇంకా మిగిలిన రాజసం, దాని కింద వణుకు, ఇవన్నీ విజయ్‌కుమార్ జాగ్రత్తగా చేశాడు. వర్మ తన మామూలు కెమెరా విన్యాసాలను ఆ సన్నివేశాల్లో తగ్గించుకున్నాడు. 1995లో వైస్రాయ్ హోటల్ ముందు చెప్పులు పడిన దృశ్యం దగ్గర ఆ ముఖంలో కోపం కంటే నమ్మలేకపోవడం ముందు కనిపిస్తుంది. అవమానాన్ని అలా చూపించాలని తోచడం నటుడి సంస్కారం. చంద్రబాబు వేషంలోని శ్రీతేజ్‌కి అంత చోటు దొరకలేదు. క్రిష్ నాదెండ్లకు ఏ లోటు చేశాడో వర్మ చంద్రబాబుకు అదే చేశాడు. మనసులో ఏముందో చెప్పుకోవడానికి ఒక్క క్షణం ఇవ్వలేదు. ఎమ్మెల్యేలు అంతమంది ఎందుకు అటు వెళ్లారన్న ప్రశ్నకు ఈ సినిమా దగ్గర కుట్ర తప్ప జవాబు లేదు.

ఇవన్నీ ఎన్నికల ముందు ఎందుకొచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఏప్రిల్ 11న పోలింగ్. హైకోర్టు ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ను అక్కడ ఆపింది, ఫలితాలు వచ్చాకే ఆంధ్రలో ఆ సినిమా ఆడింది. అదే ఏప్రిల్‌లో ప్రధాని మోదీ మీద వివేక్ ఒబెరాయ్ నటించిన హిందీ సినిమాను ఎన్నికల సంఘం ఆపింది, అది మే 24న వచ్చింది. ఆపడాలు, అనుమతులు కోర్టుల పని. ఎవరి సినిమా ఎందుకు మన గుండె పట్టుకుందో తెలుసుకోవడం ప్రేక్షకుల పని, దాన్ని మన తరఫున ఏ కోర్టూ చేయలేదు.

క్రిష్ కథ 1984లో ఆగింది. వర్మ కథ 1989లో మొదలైంది. ఒక సినిమా చూసి ఇంకోటి చూసినవాడికి ఇద్దరు చంద్రబాబులు, ఇద్దరు ఎన్టీఆర్‌లు మిగులుతారు. నిజానికి ఆ రెండు ఆగస్టుల్లో పాత్రలు చాలావరకు ఒకటే. 1984 ఆగస్టులో ఎమ్మెల్యేలను ఒకచోట చేర్చి మామగారి ప్రభుత్వాన్ని నిలబెట్టిన మనిషే, 1995 ఆగస్టులో ఎమ్మెల్యేలను వైస్రాయ్ హోటల్లో చేర్చి మామగారి ప్రభుత్వాన్ని దించాడు. ఒకే నేర్పు, పదకొండేళ్ల తేడా, తలకిందులైన ఫలితం. మధ్యలో ఎవరు మారారు, అల్లుడా, మామా, పార్టీయా, రాష్ట్రమా? ఆ రెండు ఆగస్టులనూ ఒకే కథలో, ఒకే నటుడితో చూపిస్తే అది ఎవరినీ వదలదు, ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ మాటలు రాయగల బుర్రా సాయిమాధవ్ ఉన్నాడు. నిశ్శబ్దాన్ని తెంచకుండా ఉండగల శ్రీకర్ ప్రసాద్ ఉన్నాడు. కింద పడ్డ పెద్దాయనను నిలబెట్టగల విజయ్‌కుమార్ ఉన్నాడు. బాణీలు ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టినా కాదనేవాళ్లు లేరు. పెట్టుబడి పెట్టేవాడు మాత్రం ఆ ఇళ్లకూ, ఆ పార్టీలకూ సంబంధం లేని మనిషై ఉండాలి, సినిమా ఎన్నికలకు కనీసం రెండేళ్ల ముందో వెనకో రావాలి.